ఏప్రిల్ 15 ఎవరిది?

అమెరికా విశ్వవిద్యాలయాల మధ్య ఒక పెద్దమనుషుల ఒప్పందం ఉంది. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే సంఘం నిర్వహించే ఆ ఒప్పందానికి ఏప్రిల్ 15 తీర్మానమని పేరు. ఫెలోషిప్పో అసిస్టెంట్‌షిప్పో ఇచ్చి చేర్చుకుంటామని కబురు పెట్టిన విద్యార్థిని ఆ తేదీకి ముందే అవునో కాదో తేల్చమని నిర్బంధించకూడదని దాని సారాంశం. అంతకన్నా ముందు గడువు పెడితే తీర్మానం ఉద్దేశాన్ని ఉల్లంఘించినట్టే. సంతకాలు చేసిన సంస్థలు వందల్లో ఉన్నాయి. నాలుగు చోట్ల నుంచి పిలుపు వచ్చిన కుర్రాడు ఆ నాలుగింటినీ ముందేసుకుని, ఇంట్లో మాట్లాడి, సీనియర్లను అడిగి, స్థిమితంగా ఒకటి ఎంచుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది. మంచి మాటే.

కాకపోతే ఆ మర్యాద యూనివర్సిటీ ఎదురు డబ్బిచ్చి చదివించేవాళ్ల వరకే. సొంత డబ్బుతో, అంటే మన చాలా ఇళ్లలో అప్పుతో, ఎంఎస్‌కు బయలుదేరే విద్యార్థికి అందులో చోటు లేదు. అతనికి జవాబు చెప్పడానికి రెండు వారాలిస్తారా, నెలిస్తారా, ఆలోగా ఎన్ని వందల డాలర్ల డిపాజిట్ అడుగుతారు, చేరకపోతే అది తిరిగి వస్తుందా అన్నదంతా ఆయా యూనివర్సిటీ దయ. ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో 1,96,567 మంది పీజీ, ఆపై చదువుల వాళ్లు. ఆ ఏడు చైనాను దాటి మనమే ముందు నిలిచామని పండగ చేసుకున్నాం. అందులో తెలుగువాళ్లెంతమందో శంషాబాద్ విమానాశ్రయంలో ఆగస్టు రాత్రి ఒక్కసారి నిలబడి చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అంతమంది కట్టే ఫీజులతో నడుస్తున్న వ్యవస్థ, ఫీజు కట్టేవాడికి మాత్రం ఆలోచించుకునే గడువును హక్కుగా ఇవ్వలేదు.

ఎదురుచూపు చదువులో భాగమని, ఓపిక పట్టాలని పిల్లలకు అందరూ చెబుతారు. పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూడటం వేరు. ఇక్కడ జరుగుతున్నది వేరు. సీట్లు మిగిలిపోతాయేమో, ఎక్కువమంది వచ్చిపడతారేమో అన్న భయం యూనివర్సిటీది. ఆ భయానికయ్యే ఖర్చు మాత్రం దరఖాస్తు పెట్టినవాడిది. ఈ అన్యాయాన్ని అన్యాయమనకుండా ప్రాసెస్ అని పిలవడం అందరికీ అలవాటైపోయింది.

ఖర్చు లెక్క చూడండి. జీఆర్‌ఈకి ఇరవై రెండు వేలు అటూ ఇటూ. ఇంగ్లీషు పరీక్షకు మరో పదిహేను వేల పైనే. ఒక్కో దరఖాస్తుకు వంద డాలర్లు అటూ ఇటూ. స్టాన్‌ఫర్డ్ లాంటి చోట 125. ఎనిమిది యూనివర్సిటీలకు పెట్టినవాడికి ఏ ఒక్కరూ ఔననో కాదనో అనకముందే లక్ష దాటుతుంది. నల్గొండలోనో నరసరావుపేటలోనో ఒక చిరుద్యోగి ఇంట్లో అది రెండు మూడు నెలల సంపాదన. ఈ లక్ష పెట్టి కొన్నదేమిటంటే డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, ఒక్కోసారి మే దాకా, పొద్దున లేవగానే పోర్టల్ తెరిచి చూసుకునే భాగ్యం. అండర్ రివ్యూ అన్న రెండు ముక్కలు నాలుగు నెలలపాటు మారవు. ఎప్పటికి తేలుస్తారో చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. కరెంటు బిల్లు కట్టినా రసీదు మీద తేదీ ఉంటుంది.

నిర్ణయం చేతికొచ్చాకైనా అది నిర్ణయమేనా? 2015 ఫిబ్రవరిలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కు దరఖాస్తు చేసినవారిలో దాదాపు 800 మందికి మీరు ఎంపికయ్యారని మెయిల్ పంపింది. కొన్ని గంటల తర్వాత, అది పొరపాటున వెళ్లింది, మీకు సీటు లేదని ఇంకో మెయిల్ పంపింది. ప్రపంచానికి కంప్యూటర్ సైన్స్ నేర్పే విభాగం కంప్యూటర్ నుంచే ఇలా జరగడం మీద అప్పట్లో జోకులు చాలా పేలాయి. మధ్యలో ఉన్న ఆ కొన్ని గంటల్లో ఊళ్లో బంధువులకు ఫోన్లు చేసినవాళ్లు, మరోచోట వచ్చిన సీటు వద్దనుకున్నవాళ్లు ఎవరికీ లెక్కలోకి రాలేదు. రెండేళ్లకు, 2017 ఫిబ్రవరిలో, కొలంబియా యూనివర్సిటీ ప్రజారోగ్య విభాగం ఇదే పని 277 మందికి చేసింది. రెండుచోట్లా క్షమాపణ చెప్పారు. మన కుర్రాడు డిపాజిట్ గడువుకు ఒక్క రోజు ఆలస్యమైతే క్షమాపణతో పని జరుగుతుందా?

పొరపాట్లను క్షమించవచ్చు. 2025లో జరిగింది పొరపాటు కాదు. ఆ ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐహెచ్) ఇచ్చే పరిశోధన నిధుల్లో కోతలు ప్రకటించగానే పీహెచ్‌డీ సీట్ల మీద దెబ్బ పడింది. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ కొన్నాళ్లు ప్రవేశాలే నిలిపేసింది. మసాచుసెట్స్ రాష్ట్ర యూనివర్సిటీ వైద్య విభాగం, యూమాస్ చాన్, అప్పటికే ఇచ్చిన పీహెచ్‌డీ ఆఫర్లను వెనక్కి తీసుకుంది. కోత పెట్టింది ప్రభుత్వమే. యూనివర్సిటీలు కూడా బాధితులేనని ఒప్పుకుందాం. అయినా ఆ దెబ్బ చివరికి ఎవరి మీద పడాలో నిర్ణయించింది మాత్రం అవే. ఒప్పుకుని, ఇతర ఆఫర్లు వదులుకుని, ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చినవాడికి ఆ ఆఫరు ఉత్తరం ఒప్పందమా, శుభాకాంక్షల కార్డా? ఏప్రిల్ 15 తీర్మానం విద్యార్థిని తొందరపెట్టకూడదని చెప్పిందే గానీ, ఇచ్చిన మాట నిలబెట్టుకోమని యూనివర్సిటీ మెడ మీద కత్తి పెట్టలేదు.

ఈ వ్యవహారం లోపల ఎలా నడుస్తుందో మన పిల్లలకు ఎవరూ సరిగా చెప్పరు. ఒక విభాగంలో పది సీట్లున్నాయనుకుందాం. పిలిచినవాళ్లంతా రారని తెలుసు కాబట్టి పదిహేను మందికి ఆఫర్లు పోతాయి. ఇంకో ఇరవై మందిని వెయిట్‌లిస్ట్ అనే వసారాలో కూర్చోబెడతారు. మొదటి పదిహేను మందిలో ఒక్కొక్కరి చేతిలో మూడు, నాలుగు ఆఫర్లు ఉంటాయి. వాళ్లు తేల్చేదాకా వసారాలోని వాళ్లకు లోపలికి రమ్మని గానీ ఇంటికి పొమ్మని గానీ చెప్పరు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో హడావుడిగా మెయిళ్లు తిరుగుతాయి. చిట్టచివరి గంటల్లో పిలుపొచ్చినవాడు అంతకుముందు ఇంకోచోట కట్టిన డిపాజిట్ వదులుకోవాలి. ఆ డిపాజిట్ ఏ తరగతి గదికీ, ఏ ప్రొఫెసర్ జీతానికీ కట్టిన డబ్బు కాదు. చేరని విద్యార్థి దగ్గర, చెప్పని పాఠానికి వసూలు చేసిన సొమ్ము. కొన్ని కోర్సుల్లో అది వెయ్యి డాలర్లు దాటుతుంది.

ఇక్కడ మన పిల్లల తప్పు కూడా ఒకటుంది, దాచిపెట్టి లాభం లేదు. జనవరిలోనే వద్దనుకున్న సీటును ఏప్రిల్ దాకా జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు ఎందరో. ఐదు అడ్మిట్లు వచ్చాయని స్టేటస్ పెట్టే చేయి, రాను అని ఒక్క వాక్యం రాయడానికి మాత్రం కదలదు. ఆ వాక్యం కోసం వసారాలో కూర్చున్నది బహుశా అదే కాలేజీలో, అదే బెంచీలో పక్కన కూర్చున్న స్నేహితుడే.

కానీ కుర్రాడు ఎందుకు వదలడో కూడా చూడాలి. అతను ఎంచుకునేది కోర్సు ఒక్కటే కాదు. వీసాకు కావాల్సిన యూనివర్సిటీ పత్రం, అంటే ఐ-20, ఎక్కడి నుంచి ముందొస్తుంది, ఏ యూనివర్సిటీ పేరు చెబితే వీసా ఆఫీసరు నమ్ముతాడు, ఏ ఫీజుకు బ్యాంకు ఒప్పుకుంటుంది, ఇవన్నీ ఒకేసారి తేలాలి. ఏదీ ఇంకోదానికోసం ఆగదు. ప్రభుత్వ బ్యాంకులో రూ.7.5 లక్షలు దాటిన విద్యారుణానికి సాధారణంగా తాకట్టు కావాలి. తాకట్టంటే లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, లీగల్ ఒపీనియన్, ఇంజినీరు వచ్చి కట్టే విలువ. పల్లెటూళ్లో తాతల నాటి ఇల్లు గ్రామకంఠంలో ఉంటుంది. దానికి రిజిస్టరు కాగితమే ఉండదు. పొలం ఉంటే వ్యవసాయ భూమి మాకొద్దని చాలా బ్యాంకులు ముఖం మీదే చెబుతాయి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. ఇదంతా ఒక కొలిక్కి రావడానికి నెలలు పడుతుంటే యూనివర్సిటీ ఇచ్చేది ఒక్కోసారి పద్నాలుగు రోజులు. బ్యాంకు మేనేజరు అడ్మిషన్ ఖాయమైతే రమ్మంటాడు, యూనివర్సిటీ డబ్బు చూపిస్తే ఐ-20 ఇస్తానంటుంది. ఖాతాలో కొన్నాళ్లు డబ్బు వేసి చూపించి వడ్డీతో సహా తీసుకునే దళారులు పుట్టింది ఈ సందులోనే. వాళ్లను పోలీసులు అప్పుడప్పుడూ పట్టుకుంటారు. సందు మాత్రం అలాగే ఉంటుంది.

వీసా సంగతి పొడిగించి చెప్పనక్కర్లేదు. 2025 మే చివర్లో అమెరికా విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త స్లాట్లు ఇవ్వడం ఆపేసింది. సోషల్ మీడియా ఖాతాలు బహిరంగంగా పెట్టాలన్న షరతుతో జూన్ మూడో వారంలో మళ్లీ తెరిచింది. ఆగస్టులో తరగతులు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాట్ దొరకని పిల్లలు అంతకుముందే కట్టేసిన డిపాజిట్లు తిరిగివ్వమని ఎంతమంది అడిగారో, ఎందరికి తిరిగి వచ్చాయో ఏ యూనివర్సిటీ బయటపెట్టదు. వీసా రాకపోవడం విద్యార్థి తప్పు కాదని తెలిసీ ఆ సొమ్ము ఉంచుకోవడానికి ఏ న్యాయశాస్త్రం ఒప్పుకుంటుంది?

మరి సలహా ఎవరిస్తున్నారు? అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, హిమాయత్‌నగర్, విజయవాడ బెంజి సర్కిల్ ఎక్కడ చూసినా కన్సల్టెన్సీ బోర్డులే. చాలాచోట్ల కౌన్సెలింగ్ ఉచితం. ఉచితంగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాడి అద్దె ఎవరు కడుతున్నారని అడిగే తండ్రి అరుదు. కడుతున్నది యూనివర్సిటీ. తమ దేశపు విద్యార్థుల్ని తల లెక్కన కమీషన్‌కు చేర్చడాన్ని అమెరికా ఉన్నతవిద్యా చట్టం 1992 నుంచి నిషేధించింది. తమ పిల్లలు మోసపోతారన్న భయంతో పెట్టిన నిషేధమది. దానికో మినహాయింపు ఉంది: ఆ దేశపు ప్రభుత్వ సాయానికి అర్హత లేని, విదేశాల్లో ఉండే విదేశీ విద్యార్థులకు అది వర్తించదు. మళ్లీ చదవండి. అక్కడి పిల్లల విషయంలో నిషిద్ధమైనది మన పిల్లల విషయంలో వ్యాపారం. రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుని ఏది మంచిది సార్ అని కన్సల్టెన్సీలో అడిగే విద్యార్థికి, ఎదుటి మనిషికి ఆ రెండిట్లో దేని మీద కమీషన్ వస్తుందో తెలియదు. తెలియజెప్పే చట్టం ఇటు తెలంగాణలోనూ లేదు, అటు ఆంధ్రప్రదేశ్‌లోనూ లేదు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీ బయటపడి, అది అమెరికా అధికారులే పన్నిన వల అని తేలి, వంద మందికి పైగా భారతీయ విద్యార్థులు అరెస్టయినప్పుడు ఇక్కడ నాలుగు రోజులు గోల జరిగింది. అరెస్టయినవాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. గోల సద్దుమణిగింది, బోర్డులు పెరిగాయి.

ఇదంతా మార్చలేని వ్యవహారమా అంటే, ఆ మాట అమెరికాలో చెల్లదు. 1940ల్లో అక్కడి ఆసుపత్రులు వైద్య విద్యార్థుల్ని ఇంటర్న్‌లుగా తీసుకోవడానికి ఇలాగే ఎగబడేవి. జవాబు చెప్పడానికి ఇచ్చే గడువు రోజుల నుంచి తగ్గి తగ్గి గంటల్లోకి దిగింది. అందరికీ విసుగొచ్చి 1952లో ఒకే కేంద్రీకృత పద్ధతి తెచ్చుకున్నారు. విద్యార్థి తనకు నచ్చిన ఆసుపత్రుల్ని వరుసలో పెడతాడు, ఆసుపత్రులూ విద్యార్థుల్ని వరుసలో పెడతాయి, మార్చి మూడో శుక్రవారం అందరికీ ఒకేసారి ఫలితం. పదేళ్లకు గణితవేత్తలు గేల్, షాప్లీ దీని వెనకున్న తర్కాన్ని ఒక చిన్న వ్యాసంలో రాశారు. ఆ వ్యాసం శీర్షికలోనే కాలేజీ ప్రవేశాలన్న మాట ఉంది. 2012లో షాప్లీకి, ఆ పద్ధతిని తర్వాత సంస్కరించిన ఆల్విన్ రాత్‌కు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అరవై ఏళ్లుగా పరిష్కారం వాళ్ల గ్రంథాలయాల్లోనే ఉంది. ప్రవేశాల పేరుతో రాసిన సూత్రం ఆసుపత్రులకు పనికొచ్చింది, గ్రాడ్యుయేట్ ప్రవేశాలకు మాత్రం అక్కర్లేకపోయింది.

మన ఐఐటీలు కూడా ఇందులో మెరుగే. గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్లే విద్యార్థికి కోప్ అనే ఉమ్మడి పోర్టల్‌లో ఆఫర్లన్నీ ఒకేచోట, విడతల వారీగా కనిపిస్తాయి. ఒప్పుకుని ఆగిపోవచ్చు, ఉన్నది పట్టుకుని మెరుగైనదాని కోసం చూడొచ్చు, వద్దని ముందుకు పోవచ్చు. దానిలోనూ లోపాలున్నాయి; ఎన్‌ఐటీల కౌన్సెలింగ్ వేరే దారిన నడుస్తుంది కాబట్టి రెండింటి మధ్య తికమక పడేవాళ్లున్నారు. అయినా ఉన్నది పట్టుకుని ఎదురుచూసే హక్కు అక్కడ నిబంధనల్లో రాసి ఉంది. ఎవరి దయా కాదు.

అమెరికాను తిట్టి ఊరుకుంటే మన ప్రభుత్వాలు సంతోషిస్తాయి. ఆ సంతోషం వాటికి ఇవ్వకూడదు. ఏప్రిల్‌లో అడ్మిట్ చేతికొచ్చిన బీటెక్ విద్యార్థికి ఒరిజినల్ సర్టిఫికెట్లు, ట్రాన్స్‌క్రిప్టులు కావాలి. కాలేజీకి వెళితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, నువ్వే కట్టి తీసుకుపో అంటారు. 2008-09లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం లక్షల ఇళ్లకు చదువు తెచ్చింది, కాదనలేం. కానీ బకాయి పెట్టింది ప్రభుత్వం. బందీ అయింది విద్యార్థి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్‌కు దిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి ఏమీ వేరు కాదు. ప్రభుత్వం కాలేజీని చూపిస్తుంది, కాలేజీ ప్రభుత్వాన్ని చూపిస్తుంది, ఐ-20 మీద తేదీ ఎవరినీ చూడదు.

కేంద్రం ఇంతకన్నా ఘనమైన పని చేసింది. ఏడాదికి రూ.8 లక్షల లోపు ఆదాయమున్న ఎస్సీ, సంచార జాతుల, భూమిలేని కూలీల పిల్లల కోసం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. సీట్లు 125. 2025-26కు 106 మంది ఎంపికయ్యారు. జూలై 1న అందులో 40 మందికే మంజూరు పత్రాలు ఇచ్చి, మిగిలిన 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. ప్రపంచంలో పేరున్న యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నాకే ఆ స్కాలర్‌షిప్ దొరుకుతుంది. అంటే మొదటి తలుపు దగ్గర నెగ్గినవాళ్లే వీళ్లు. తరగతులు మొదలవడానికి రెండు నెలల ముందు, రెండో తలుపు దగ్గర, సొంత దేశమే వాళ్లను వెయిట్‌లిస్ట్‌లో పెట్టింది. అరవై ఆరు మందికి చాలని ఖజానా గురించి ఢిల్లీలో ఎవరైనా సిగ్గుపడ్డారో లేదో తెలియదు.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. ఏప్రిల్ 15 తీర్మానంలో ఒక్క వాక్యం మార్చి సొంత ఖర్చుతో చదివేవాళ్లను కూడా చేర్చాలి. వీసా నిరాకరించినవాళ్లకు డిపాజిట్ వెనక్కివ్వాలి. ఏ కోర్సు ఫలితం ఏ వారంలో వస్తుందో దరఖాస్తు రుసుము తీసుకునేటప్పుడే చెప్పాలి. 1,96,567 మందిని పంపిన దేశం ఈ మాట అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు. వాణిజ్య ఒప్పందాల్లో బాదం, యాపిళ్ల సుంకాల మీద నెలల తరబడి బేరమాడే మన ప్రతినిధులు మన పిల్లల డిపాజిట్ల గురించి ఒక్కసారైనా నోరు తెరిచారా? ఇక రెండు తెలుగు రాష్ట్రాలు కన్సల్టెన్సీలకు లైసెన్సు, కమీషన్ వెల్లడి తప్పనిసరి చేసే పని తామే మొదలుపెట్టవచ్చు. సర్టిఫికెట్లు విడిపించడానికైతే చట్టం కూడా అక్కర్లేదు, చెక్కు మీద సంతకం చాలు.

ఈలోగా మరో ఏప్రిల్ 15 వస్తోంది. న్యూయార్క్ కాలమానంలో ఆ రాత్రి 11.59కి చాలా పోర్టళ్లు మూతపడతాయి. అప్పటికి ఇక్కడ 16వ తేదీ ఉదయం 9.29. డిపాజిట్ కట్టడానికి సంతకాలు కావాల్సిన తండ్రి ఆ వేళకు బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఉంటాడు. షట్టరు ఎత్తేది పదింటికి.